డీకేటీ భూమి మీద సంతకం పెట్టద్దు వదినా

వదినా, కొంచేపు గోడ కాడ నిలబడు, ఒక మాట చెప్పల్ల. మీ మామ పేరుతో ఉండే డీకేటీ భూమిని బేరం అడగతా ఉన్నారంట కదా. తెల్లకాగితం మీద అగ్రిమెంటు రాసిచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారంట. తొందరపడద్దండి.

రోడ్డు పక్కన కాలేజీలు వచ్చినప్పటి నుంచి మన అంగళ్లు ఊర్లో సెంటు భూమికి కూడా గిరాకీనే. అందుకే కొనేవాళ్ల కన్ను డీకేటీ మీద పడతా ఉంది. అది భూమిలేని పేదోళ్లకు సర్కారు ఇచ్చిన భూమి. సాగు చేసుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా వస్తాది, అమ్మకూడదు. 1977లో చేసిన అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. తహసీల్దారు దాన్ని కొన్నోళ్ల దగ్గర నుంచి తీసుకొని మళ్లీ పట్టాదారుకో, వారసులకో ఇయ్యొచ్చు.

"మన భూమి మనం అమ్ముకుంటే సర్కారుకేమి?" అని మా ఆయన కూడా అడిగినాడు. బిడ్డ పెండ్లి ముందర ఉంటాది, బోరు ఎండిపోయి ఉంటాది, ఆసుపత్రిలో డబ్బు కట్టల్ల. ఆ గడియలో పెట్టే సంతకం ఇష్టంతో పెట్టేదేనా? ఎదుటోడు చెప్పిన రేటుకు తలూపడమే కదా. అట్లా ఒప్పుకున్న మాటను ఒప్పుకోలుగా తీసుకోనంటాది ఈ చట్టం. పోలీసు, జరిమానా తర్వాత సంగతి. బలం ఉన్నోడి చెయ్యి పట్టుకొని ఆపేదే నా లెక్కలో చట్టం.

పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటినోళ్లకు హక్కులిస్తూ 2023లో సవరణ చేసినారు, నిజమే. మీకది వర్తిస్తాదో లేదో చెప్పాల్సింది బ్రోకరు కాదు. మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో ముందు చూడండి.

తహసీల్దారు తప్పు చేస్తే ఆర్డీవో ఉన్నాడు, ఆపైన హైకోర్టు ఉంది. ఎక్కడికి పోయినా కాగితమే అడగతారు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయినాయి, మర్చిపోయినావా? అట్లాంటప్పుడు మన బీరువాలో ఉండే నకలే మనకు సాక్ష్యం.

లాయరు ఖర్చుకు భయపడద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడోళ్లకు, ఆదాయం ఎంతున్నా, ఉచితంగా లాయర్ని పెడతారు. ఫోను నంబరు 15100. పట్టా, పాస్‌బుక్కు, అడంగల్ నకళ్లు తీసిపెట్టుకో. సంతకం మాట ఎత్తకముందే ఆ నంబరుకు ఒక ఫోను చెయ్యి వదినా.