ఆరోసారి గెలుస్తాడా?



ఈసారి గోడపత్రికలో ఆటల గురించి రాయమని చెప్పారు. కబడ్డీ గురించి, ఖోఖో గురించి చాలామంది రాస్తారని నాకు తెలుసు. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ అక్క గురించి కూడా ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. అందుకని నేను మనలో ఎవరూ ఎప్పుడూ ఆడని ఒక ఆట గురించి రాస్తున్నాను. దాని పేరు పూల్. ఈత కొట్టే పూల్ కాదు. బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆట.

మన హాస్టల్ క్యారమ్స్ పోటీలు అయిపోయినాక పీఈటీ మేడం ఒక ఆదివారం కంప్యూటర్ గదిలో మాకు ఈ ఆట చూపించారు. "ఇది పెద్దవాళ్ళ క్యారమ్స్ అనుకోండి" అన్నారు. చూస్తుంటే నిజంగానే అట్లాగే ఉంది. మన క్యారమ్ బోర్డుకు నాలుగు పాకెట్లు, ఈ బల్లకు ఆరు. మనకు స్ట్రైకర్, వాళ్ళకు తెల్ల బంతి. మనం వేలితో కొడతాం, వాళ్ళు పొడవాటి కర్రతో కొడతారు. బల్ల మాత్రం 9 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. మన రూంలో వేస్తే ట్రంకు పెట్టెలు పెట్టుకోను జాగా ఉండదు.

ఇందులో నైన్ బాల్ అని ఒక పద్ధతి ఉంది. 1 నుంచి 9 దాకా నంబర్లున్న బంతులు పెడతారు. తెల్ల బంతి ఎప్పుడూ ముందు బల్ల మీదున్న వాటిలో చిన్న నంబరు బంతికే తగలాలి. ఎవరు 9 నంబరు బంతి పాకెట్‌లో వేస్తే వాళ్ళదే ఆ గేమ్. అంటే ఎనిమిది బంతులు నువ్వే వేసినా తొమ్మిదోది తప్పితే, అవతలి మనిషి వచ్చి ఆ ఒక్క బంతి వేసి గెలిచి పోతాడు. ఇది వినగానే మా క్లాసు వాళ్ళంతా "అన్యాయం మేడం" అని అరిచారు. నాకు మాత్రం పరీక్షలు గుర్తుకొచ్చాయి. తొమ్మిది నెలలు చదివినా చివరి నెలలో జ్వరం వస్తే అంతే కదా.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికాలో యూఎస్ ఓపెన్ నైన్ బాల్ అని ఒక పెద్ద పోటీ ఉంది. 1976లో మొదలైంది. ఆ పోటీలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ అనే ఆయన ఐదుసార్లు గెలిచాడు. 1984, 1987, 1993, 1997, 2000 సంవత్సరాలలో. ఈయన ప్రపంచ చాంపియన్ కూడా మూడుసార్లు అయ్యాడు. 1996లో డాలస్ అనే ఊరిలో జరిగిన పోటీలో, వరసగా 10 గేములు ఎదుటివాడికి అవకాశం ఇవ్వకుండా గెలిస్తే పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఈయన 11 గెలిచాడు! అంతటి ఆటగాడు. ఆయన ఐదుసార్ల రికార్డును ఎవరూ ముట్టుకోలేరు అని అనుకునేవారు.

తర్వాత షేన్ వాన్ బోనింగ్ వచ్చాడు. ఈయన 1983లో పుట్టాడు. అమెరికాలోనే సౌత్ డకోటా రాష్ట్రంలో రాపిడ్ సిటీ ఈయన ఊరు. 2007లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. తర్వాత 2012, 2013, 2014 మూడేళ్ళూ వరసగా గెలిచాడు. అట్లా వరసగా మూడుసార్లు ఆయనకంటే ముందు ఎవరూ గెలవలేదు. 2016లో మళ్ళీ గెలిచాడు. లెక్కపెట్టండి, ఐదు. ఇద్దరూ సమానం. ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాడు కాబట్టి, ఆరోసారి గెలిచి స్ట్రిక్‌లాండ్‌ను దాటుతాడా అన్నదే ప్రశ్న.

షేన్‌కు పుట్టుకతోనే చెవులు సరిగా వినపడవు. చెవికి మిషన్ పెట్టుకుంటాడు. మేడం ఈ మాట చెప్పినప్పుడు నేను మొదటి వరసలో కూర్చుని ఉన్నాను. నా గుండె దడదడ కొట్టుకుంది. ఎందుకంటే నాకు కుడి చెవి వినపడదు.

ఈ సంగతి నా పక్క మంచం వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు చెవి కారేది. అమ్మ ఆకు పసరు వేసింది, నూనె వెచ్చబెట్టి వేసింది. కొన్నాళ్ళు తగ్గేది, వానాకాలం వాగులో తానం చేస్తే మళ్ళీ కారేది. పోయిన ఏడాది మెడికల్ క్యాంపులో డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, కర్ణభేరికి చిల్లు పడింది అని చెప్పింది. ఎవరైనా నన్ను కుడివైపు నుంచి పిలిస్తే నేను పలకను. "దానికి పొగరు" అని కొందరు అనుకుంటున్నారు. పొగరు కాదు. నాకు వినపడలేదు, అంతే.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా ఇంట్లో మేము కోయ మాట్లాడతాం. కోయలో అయితే నాకు సగం మాట వినపడినా మిగతా సగం నేనే అందుకుంటాను. తెలుగు నాకు బడిలో వచ్చిన భాష. తెలుగులో సగం మాట వినపడితే ఆలోచించుకోవాలి. ఇంగ్లీషులో అయితే సగం వినపడితే మొత్తం పోయినట్టే. డిక్టేషన్ అంటే అందుకే నాకు భయం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. నా ప్రోగ్రెస్ రిపోర్టు మీద అమ్మ వేలిముద్ర వేస్తుంది. పాఠంలో ఒక మాట తప్పిపోతే ఇంటికి పోయి అడుగుదామంటే అడగడానికి ఎవరూ లేరు.

షేన్ ఆట ఆడేటప్పుడు చెవి మిషన్ ఆపేస్తాడట. అప్పుడు చుట్టూ జనం గోల వినపడదు. మా క్లాసులో ఒకామె "అయితే చెవుడు మంచిదే కదా" అన్నది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ రాత్రి పండుకున్నాక ఆలోచించాను. ఆయన తనకు కావాలనుకున్నప్పుడు చెవి మూస్తాడు, కావాలనుకున్నప్పుడు తెరుస్తాడు. నా చెవి నన్ను అడగకుండానే మూసుకుంది. రెండూ ఒకటి కాదు. చెవుడు వల్ల ఆయన గెలవలేదు. చెవుడు ఉన్నా ఎట్లా ఆడాలో నేర్చుకున్నాడు కాబట్టి గెలిచాడు.

ఇంకొక తేడా కూడా ఉంది. షేన్ వాళ్ళ అమ్మ, తాత కూడా పూల్ ఆడేవాళ్ళే. తాతకు పూల్ బల్లలున్న హాలే ఉండేది. అంటే ఆయన మూడో తరం ఆటగాడు. ఆయన పుట్టేటప్పటికే బల్ల వేసి ఉంది. మనలో చాలామందికి ఇంట్లో బల్ల కాదు కదా, పలక కూడా లేదు. మనం ఆడడానికి ముందు బల్ల కూడా మనమే వేసుకోవాలి.

సరే, వాదన దగ్గరికి వస్తాను. ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర మా తొమ్మిదో తరగతి రెండు పార్టీలు అయింది.

దాటుతాడు అనే పార్టీ వాళ్ళు ఏమన్నారంటే: స్ట్రిక్‌లాండ్‌కు మొదటి గెలుపు నుంచి ఐదో గెలుపు దాకా 16 ఏళ్ళు పట్టింది. షేన్‌కు 9 ఏళ్ళే పట్టింది. కాబట్టి షేనే గట్టివాడు. పైగా స్ట్రిక్‌లాండ్ ఐదోసారి గెలిచినప్పుడు ఆయనకు 39 ఏళ్ళు. షేన్ ప్రపంచ చాంపియన్ అయ్యింది 2022లో, 38 ఏళ్ళ వయసులో. 2016లో ప్రపంచ పోటీ ఫైనల్‌లో ఆస్ట్రియా దేశపు ఆల్బిన్ ఔషాన్ చేతిలో ఓడిపోయాడు. 2022 ఫైనల్‌లో అదే ఔషాన్‌ను ఓడించాడు. ఆరేళ్ళు ఆగి గెలిచిన మనిషి మళ్ళీ ఆగి గెలవలేడా?

దాటడు అనే పార్టీ వాళ్ళు ఏమన్నారంటే: 2016 తర్వాత 2025 దాకా ఆరోది రాలేదు. 2025లో ఆయనకు 42 ఏళ్ళు నిండాయి. చూపు తగ్గుతుంది, చెయ్యి వణుకుతుంది. కుర్రవాళ్ళు ఊరుకుంటారా?

వాదన పెద్దదై ఒకామె తన ఆదివారం చికెన్ ముక్క పందెం కాసింది. వార్డెన్ మేడం వచ్చి లైట్లు ఆపేశారు. అందుకని నా మాట చెప్పడానికి వీలు కాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నేను గెలిచినవాళ్ళ దేశాలు చూశాను. ఈ పోటీ 1976లో మొదలైతే, అమెరికా బయట నుంచి వచ్చి మొదట గెలిచిన ఆటగాడు ఫిలిప్పీన్స్ దేశపు ఎఫ్రెన్ రేయిస్. అది 1994లో. అంటే పద్దెనిమిదేళ్ళ పాటు ఒక్క దేశం వాళ్ళే గెలుచుకున్నారు. స్ట్రిక్‌లాండ్ ఐదింటిలో మూడు ఆ రోజుల్లోనివే. ఇప్పుడు చూడండి. 2017లో స్కాట్లాండ్ నుంచి జేసన్ షా గెలిచాడు. 2019లో జర్మనీ నుంచి జోషువా ఫిల్లర్. 2020లో కరోనా వల్ల పోటీ జరగలేదు. 2021లో ఫిలిప్పీన్స్ నుంచి కార్లో బియాడో. 2022లో స్పెయిన్ నుంచి సాంచెజ్ రూయిజ్. నాలుగు పోటీలు, నలుగురు మనుషులు, నాలుగు దేశాలు.

కాబట్టి నాకు తోచింది ఏమంటే, రికార్డు దాటడం కష్టం కావడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, పాతకాలపు మనిషి అంత గొప్పవాడు కావడం. రెండు, ఇప్పుడు అంతటి గొప్పవాళ్ళు చాలామంది కావడం. మనం మొదటి కారణమే చెప్పుకుంటాం. రెండోది ఎవరూ చెప్పరు. స్ట్రిక్‌లాండ్ ఆట తక్కువ అని నేను అనడం లేదు. ఆయన ముందు వచ్చిన వాళ్ళందరినీ ఓడించాడు, అది నిజం. కానీ తలుపు కొంచెమే తెరిచి ఉన్నప్పుడు లోపలికి వచ్చేది కొంతమందే. తలుపు మొత్తం తెరిచాక ఒక్క మనిషి ఆరుసార్లు గెలవడం చాలా కష్టం.

దీన్ని నేను మా గుంపుతో పోల్చి చూశాను. మా గుంపులో మొదట పదో తరగతి పాసయింది ఒక అక్క. నేను అప్పటికి చాలా చిన్నపిల్లను. ఇప్పటికీ తునికాకు కోతకు పోయినా, పండగకు అందరూ కలిసినా ఆ అక్క మాటే చెప్తారు. "అంతటి చదువు మళ్ళీ ఎవరికీ రాదు" అంటారు. ఈ ఏడాది మా గుంపు నుంచి నలుగురు పదో తరగతి రాస్తున్నారు. నలుగురూ పాసైనా ఆ అక్కకు వచ్చినంత పేరు వీళ్ళకు రాదు. ఎందుకంటే నలుగురున్నారు కాబట్టి. మరి ఇది నష్టమా? నేను నష్టం అనుకోవడం లేదు. ఆ అక్క ఒక్కతే వాగు దాటింది. ఆమె దాటిన చోటే వీళ్ళు నలుగురూ దాటుతున్నారు.

నా తీర్పు ఏమిటి అని అడిగితే, నాకు షేన్ అంటే ఎంతో ఇష్టం అయినా, ఆరోది రావడం కష్టమే అని నేను రాస్తున్నాను. ఇష్టం వేరు, లెక్క వేరు. అయితే తలుపు మొత్తం తెరిచాక తెచ్చుకున్న ఐదు, నా లెక్కలో పాత ఐదు కంటే కొంచెం బరువు ఎక్కువ. దాటకపోయినా ఆయన తక్కువ కాడు. ఒకవేళ దాటితే, పందెం కాసిన ఆమెకు నా చికెన్ ముక్క కూడా ఇస్తాను.

టీచర్లకు, వార్డెన్ మేడం గారికి నా మనవి ఒకటి ఉంది. నన్ను క్లాసులో గోడకు కుడివైపు చివరన కూర్చోనివ్వండి. అప్పుడు నా ఎడమ చెవి మీ వైపు ఉంటుంది. డిక్టేషన్ చెప్పేటప్పుడు ఒక్కొక్క మాట రెండుసార్లు చెప్పండి. అది నా ఒక్కదానికే కాదు. ఐదో తరగతి చెల్లెళ్ళలో ఇద్దరికి చెవి కారుతున్నది, దిండు మీద మరకలు చూశాను. వాళ్ళు సిగ్గుపడి చెప్పడం లేదు. వాళ్ళను ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపోతే నాలాగా చిల్లు పడే దాకా రాదు. చెల్లెళ్ళూ, చెవి కారితే దాచుకోవద్దు. నేను ఇంత పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించాను కదా, మీరు మేడం చెవిలో చెప్తే చాలు.

స్నేహితులకు ఒక మాట. నన్ను పిలవాలంటే ఎడమవైపు నుంచి పిలవండి. తప్పకుండా పలుకుతాను.

షేన్ ఆరోసారి గెలుస్తాడా, గెలవడా? మీ అభిప్రాయం చీటీ మీద రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. ఊరికే అవును, కాదు అని రాయొద్దు. ఎందుకో కూడా రాయండి. వచ్చే నెల లెక్కపెట్టి ఇక్కడే అంటిస్తాను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి