సందేహం ఎవరి మీద?

1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో వాయవ్య జలమార్గం వెతుకుతూ కెనడా ఉత్తరపు మంచులోకి వెళ్లాడు. చివరికి ఆ ఓడల్లో మిగిలిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ విషాదం కంటే, దాని వెనక నడిచిన వాదమే నాకు ఎక్కువ నేర్పింది.

1854లో జాన్ రే అనే స్కాట్లండ్ వైద్యుడు, అక్కడి ఆదివాసులైన ఇనుయిట్‌ల దగ్గర విన్న సంగతులు లండన్‌కు చేర్చాడు. నలభైమంది దాకా తెల్లవాళ్లు పడవ ఈడ్చుకుంటూ దక్షిణానికి నడిచారు, తిండిలేక చనిపోయారు, ఆఖరికి తోటివారి శవాలనే తిన్నారు. రే ఫ్రాంక్లిన్ పతకాన్నీ, అధికారుల వెండి చెంచాలనూ కూడా కొని తెచ్చాడు. చెంచాలను నమ్మినవాళ్లు వాటిని అమ్మినవాళ్ల మాట మాత్రం నమ్మలేదు. ఆ అనాగరికులే మనవాళ్లను చంపి ఉండొచ్చు కదా అని నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన పత్రికలో రాశాడు.

డికెన్స్ ప్రశ్నల్లో కొన్ని న్యాయమైనవే. జాన్ రేకి చెప్పినవాళ్లు కళ్లారా చూసినవాళ్లు కారు. మధ్యలో దుబాసీ ఒకడు. అయితే ఇంగ్లిష్ నావికుడు ఆకలికి ప్రాణం పోతున్నా అంత పని చెయ్యడన్న తన నమ్మకాన్ని మాత్రం డికెన్స్ ఏ ప్రశ్నా అడగలేదు. రే సంగతి వేరు. ఇనుయిట్‌లలా బట్టలు కట్టి, మంచు ఇళ్లలో పడుకుని, వేటాడి బతికినవాడు. అక్కడ ఎవరి మాట ఎంత తూగుతుందో అతనికి తెలుసు.

1990లలో కింగ్ విలియం దీవిలో దొరికిన ఆ నావికుల ఎముకల మీద కత్తిగాట్లు కనిపించాయి. 2014లో ఎరెబస్, ఇనుయిట్‌లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన ప్రాంతంలోనే బయటపడింది. రెండేళ్లకు గ్యోవా హేవెన్ అనే ఊరికి చెందిన ఇనుయిట్ సామీ కోగ్విక్ ఇచ్చిన ఆనవాలుతో టెర్రర్ దొరికింది. ఇనుయిట్‌లు చెప్పిందే నిజమైందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నన్ను కాస్త ఇబ్బంది పెడుతుంది. నీటి అడుగున ఓడలను పట్టే సోనార్ సాక్ష్యం పలికేదాకా, నూటఅరవై ఏళ్లపాటు, వాళ్ల మాటకు విలువ రాలేదన్నమాట.

విన్నదల్లా నమ్మాలని నేననను. కానీ ఎవరి మాటనైనా కొట్టిపారేయబోయే ముందు ఒకటి ఆలోచిస్తాను: ఇదే మాట నేను గౌరవించే మనిషి అని ఉంటే ఇన్ని ఆరాలు తీసేవాణ్ణా? దానికి జవాబు ప్రతిసారీ నాకు అనుకూలంగా రాదు.