మంచులోని ఏరు

మా తరగతి గోడమీద ఒక చిత్రపు అచ్చుప్రతి వ్రేలాడుచున్నది. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లాడ్ మొనే 1897లో రచించిన సేన్ నదీ ప్రభాత దృశ్యమది. చూచినంతనే కనబడునది దాదాపు ఏమియు లేదు. చెట్లెవ్వియో, వాని నీడలెవ్వియో, నీరెక్కడ ముగిసి ఆకాశమెక్కడ మొదలైనదో చెప్పుట కష్టము. అంతయు నీలి మంచు. దీనిని ఇచ్చట తగిలించుటకు మేము చేసిన తప్పొకటి కారణము.

గత మార్గశిరమున ఎనిమిదవ తరగతివారిని తాము చూచిన ఉదయమును గూర్చి వ్యాసము వ్రాయుమంటిమి. ఒక బాలుడు హలసూరు చెరువును ఎన్నుకొనెను. చెరువు లేదనియు, గట్టు కరగిపోయినదనియు, పడవ గాలిలో నిలిచినదనియు వ్రాసెను. మంచు అనవలసినచోట కన్నడమువలె 'మంజు' అనెను. "చెరువు లేకున్న పడవ యెట్లుండును? స్పష్టముగా వ్రాయుము" అని ఎఱ్ఱ సిరాతో వ్రాసి, పదింటికి మూడు మార్కులిచ్చితిమి. బాలుడు మారుపలుకలేదు. తరువాతి వ్యాసమున వాని నీరు తెల్లగాను, చెట్లు పచ్చగాను ఉన్నవి, పక్షులు కిలకిలలాడినవి. తప్పొక్కటియు లేదు. ఏ బాలుడైనను వ్రాయదగిన వ్యాసమది.

సంక్రాంతి సెలవులలో చిత్రకళా గ్రంథమొకటి చదువుచుండగా మొనే చరిత్ర కంటబడినది. 1872 నాటి లె హావ్ర్ రేవు సూర్యోదయమును ఆయన 1874లో పారిసున ప్రదర్శింపగా, లూయీ లెరాయ్ అను విమర్శకుడు, గోడలకంటించు కాగితమే ఇంతకంటె పూర్తిగా నుండునని హేళన చేసెనట! ఆ చిత్రము పేరులోని 'ఇంప్రెషన్' అను మాటను పట్టుకొని ఆయన వెక్కిరించిన పేరే పిదప ఆ చిత్రకారులకు బిరుదైనది. ఆ విమర్శకుని చేత మా ఎఱ్ఱ కలము ఉన్నట్లు తోచినది.

సేన్ చిత్రములకై మొనే పడిన శ్రమ మరింత ఆశ్చర్యకరము. జివెర్నీ గ్రామము చెంత, తెల్లవారుజామున మూడున్నరకే లేచి, అడుగు చదునుగా నున్న పడవలో కూర్చుండి, అనేక పటములను ఒకేసారి సాగించెడివాడు. వెలుగు మారినంతనే చేతిలోని పటమును ప్రక్కనిడి వేరొకటి అందుకొనెడివాడు. మసకగా కనబడునది మసకగా చూచుటవలన వచ్చినది కాదు.

ఈ సంగతి మాకు తెలియకుండవలసినది కాదు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందునాడు, ధనుర్మాసపు ఉదయములలో గోదావరి గట్టున నిలిచి, రైలు వంతెన నడుమకు వచ్చుసరికి మాయమగుట ఎన్నిమారులో చూచితిమి. ఆ సేన్ చిత్రము పుట్టిన 1897లోనే జన్మించి, 1925లోనే కీర్తిశేషుడైన దామెర్ల రామారావు చిత్రశాలయు ఆ ఊరనే కలదు. అచ్చట గంటలకొలది గడపితిమి. అయినను బెంగుళూరి బాలుని మంచు మాకు తప్పుగా తోచినది. ఈ ఊర పెద్ద నది లేదు. మా పిల్లలకు గోదావరి పాఠములోని మాట. వారికున్నది ఆ చెరువే.

సెలవుల పిమ్మట చిత్రమును తెచ్చి, ఏమి కనబడుచున్నదని అడిగితిమి. అందరును ఏమియు లేదనిరి. ఆ బాలుడు చాలసేపు చూచి, "లోపల పడవ ఉండవచ్చును సార్" అనెను.

మార్కులు సరిచేయుదుమని పాత పుస్తకము తెమ్మంటిమి. ఆ పుటను చింపివేసినాడట. మరల వ్రాయుమంటిమి. తల ఊపినాడు గాని, ఇంకను తేలేదు.