మా రాజుగాడూ, స్మార్ట్ బంతీ

అరకులో వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే అందరూ కుళ్ళుకుంటారు. మా కుక్క రాజుగాడి గోల తెలీక! మీటింగ్ మొదలైతే చాలు, చెప్పు పట్టుకొచ్చి ఒళ్ళో పడేస్తాడు. ఫోన్‌తో నడిచే బంతి తెప్పించా. రెండ్రోజులు ఆడాడు. మూడోరోజు గాలివానకి కరెంటూ నెట్టూ పోయాయి. ఛార్జింగ్ లేక బంతి మంచం కింద పడుకుంది, వాడు మళ్ళీ చెప్పులకే వచ్చాడు.

ఇప్పుడు బోలు రబ్బరు బొమ్మలో గట్టిగా కాచిన చోడి జావ కూరి ఇస్తున్నా. నాకుతూ ముప్పావుగంట గడిపేస్తాడు. ఈ బొమ్మ పుట్టుకే తమాషా. 1970లలో అమెరికాలో జో మార్క్‌హమ్ గారి కుక్క రాళ్ళు కొరికి పళ్ళు అరగదీసుకునేదట. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ తాలూకు రబ్బరు ముక్క దొరికాక రాళ్ళు మానేసింది. అదే ‘కాంగ్’ బొమ్మకి మూలం.

కొనేవాళ్ళకి ఒక్క మాట: మింగేంత చిన్నది వద్దు, బ్యాటరీ ఊడొచ్చేది అసలొద్దు. మన అరకు వాళ్ళకి ఇంకోటి: కాఫీ గింజలు కుక్కలకి విషం. కళ్ళంలో ఆడనివ్వకండి.

సాయంత్రం కాఫీ తోటల నుంచి వచ్చేవాళ్ళ వెనకే కుక్కలూ దిగుతుంటాయి. వాటికి ఏ బొమ్మా అక్కర్లేదు. అవీ డ్యూటీ చేసొస్తున్నాయి మరి!