ముందు వంటిల్లు

ఆషాఢం వెళ్లేదాకా ఆగి, శ్రావణంలో కూకట్‌పల్లి నుంచి మల్కాజిగిరికి మారాం. తెల్లవారుజామునే అమ్మ పాలు పొంగించి, ఆ పాలతోనే పరమాన్నం వండింది. మిగతా ఇల్లంతా అట్టపెట్టెలే.

నా మాట వింటే, సర్దడం వంటింటితోనే మొదలుపెట్టండి. పోపులపెట్టె, కుక్కర్, చింతపండు డబ్బా చేతికందితే చాలు, ఆ పూట మనింట్లో మనం చారన్నం తింటాం. హోటల్ పార్సిళ్లతో ఆ నిశ్చింత రాదు. బట్టలు ఆగుతాయి. పుస్తకాలు ఇంకా ఆగుతాయి (అవి విప్పితే చదువుతూ కూర్చుండిపోతాం). ఆవకాయ జాడీని మాత్రం అమ్మ లారీ ఎక్కించనివ్వలేదు, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆ జాగ్రత్త అంటే నాకెంతో ఇష్టం.

పక్కింటావిడ కరివేపాకు ఇచ్చి, నల్లా నీళ్లు ఏ పూట వస్తాయో చెప్పి వెళ్లారు. ఇక గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో చిరునామా మార్పు చూడాలి.