ఇయాస్ పాఠంలో మేము చెప్పని సంగతి

ఆలిమా కోర్సు చదివే బాలికలకు ఖుదూరీ గ్రంథం బోధించడం గత 24 సంవత్సరాలుగా మా బాధ్యత. అందులో ఇద్దత్ ప్రకరణం వచ్చినప్పుడు 'ఆయిసా' అనే పదం ఎదురవుతుంది. ఋతుస్రావం ఇక రాదని నిరాశ చెందిన స్త్రీ అని దాని అర్థం. దివ్య ఖుర్ఆన్‌లోని తలాఖ్ సూరా 4వ ఆయత్‌లో ఈ స్త్రీల ప్రస్తావన ఉంది. వారి ఇద్దత్ మూడు నెలలు. హనఫీ ఫిఖ్హ్‌లో ఫత్వాకు ఆధారమైన అభిప్రాయం ప్రకారం ఆ వయస్సు 55 సంవత్సరాలు. ఇంతవరకు చెప్పి, పిల్లలచేత రెండుసార్లు చదివించి, తరువాతి మస్అలాకు వెళ్ళిపోయేవారము. ఆ స్త్రీ దేహంలో ఏమి జరుగుతుందో, ఆమె రాత్రులు ఎలా గడుస్తాయో మేము ఒక్కనాడూ చెప్పలేదు. మాకూ తెలియదు గనుక.

51వ యేట మాకు ముట్లుడిగాయి. పన్నెండు నెలలు వరుసగా బహిష్టు రాకపోతే ఆగిపోయినట్లే లెక్క అని డాక్టర్లు అంటారు. ఆ పన్నెండు నెలలూ మాకు పరీక్షా కాలమే అయింది. తరగతిలో కూర్చుని ఉండగా ఛాతీ నుంచి ముఖం దాకా వేడి ఆవిరి ఎగసేది. బురఖా లోపల దుస్తులు తడిసిపోయేవి. రాత్రి ఒంటిగంటకు మెలకువ వస్తే ఫజ్ర్ అజాన్ వరకు కన్ను మూతపడేది కాదు. చిన్ననాటి నుంచి కంఠస్థమైన సూరాలలో ఆయత్‌లు తారుమారయ్యేవి.

ఒకరోజు ఒక విద్యార్థిని సబఖ్ వినిపిస్తోంది. మధ్యలో ఆపి, తప్పు చదివావని కఠినంగా మందలించాము. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. తల వంచుకుని అదే ఆయత్ మళ్ళీ అలాగే చదివింది. మేము ముస్‌హఫ్ తెరిచి చూశాము. ఆ పిల్ల చదివిందే సరైనది. పొరపాటు మాది. అందరి ముందు క్షమాపణ చెప్పాము గానీ, ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాము. ఖుర్ఆన్ మా గుండెలోంచి జారిపోతున్నదా అన్న భయం ఆవిర్ల కంటే, నిద్రలేమి కంటే పెద్దది.

అయినా వైద్యం మాట తలపెట్టలేదు. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని, వృద్ధాప్యానికి మాత్రం లేదని హదీసులో ఉన్నది కదా, ఇదీ వృద్ధాప్యమే కదా అని సరిపెట్టుకున్నాము. తరువాత ఒక డాక్టరమ్మ ఈ మాట విని నవ్వి, "ఆపా, 51 ఏళ్ళకే వృద్ధాప్యమా? అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారు చేయడం మానేశాయి, అంతే. లేనిదాన్ని కొంచెం అందించవచ్చు" అన్నారు. అయితే ఆ డాక్టరమ్మ దాకా చేరడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది.

మా పొట్ట సంగతి ముందు చెప్పాలి. ముప్పై ఏళ్ళ వయస్సు నుంచీ మా పేగులు అతి సున్నితం. పాల టీ రెండు కప్పులైతే ఉబ్బరం, ఉల్లి వెల్లుల్లి ఎక్కువైతే కడుపు నొప్పి, పెళ్ళి దావత్‌కు వెళ్తే మరునాడు విరేచనాలు. పరీక్షలన్నీ చేసి, పేగులో పుండు గానీ గడ్డ గానీ లేదని, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. పేరు ఏదైనా, నమాజ్ చేసేవారికి దీని బాధ వేరు. ఒక్క నమాజ్‌కు మూడుసార్లు వుజూ చేయవలసి వస్తుంది. వుజూ లేనిదే ముస్‌హఫ్ తాకరాదు, మా వృత్తి అంతా ముస్‌హఫ్‌తోనే. ముట్లుడిగిన తర్వాత ఈ బాధ తగ్గకపోగా పెరిగింది. హార్మోన్లకూ పేగుల కదలికకూ సంబంధం ఉన్నదని, ఈ వయస్సులో చాలామందికి ఇలా జరుగుతుందని తరువాత తెలిసింది.

మా ఆడపడుచు ప్రేమతో కలోంజీ నూనె తెచ్చి ఇచ్చింది. పరగడుపున ఒక చెంచా తాగి మధ్యాహ్నం దాకా మెలికలు తిరిగాము. కలోంజీ ఘనత హదీసులలో ఉన్నదే. లోపం కలోంజీది కాదు, కొలత తెలియక చెంచాడు తాగిన మాదే.

తరువాత ఊళ్ళోని ఒక ఆసుపత్రికి వెళ్ళాము. ఆసుపత్రి పేరు అనవసరం. అక్కడి డాక్టరు మా మాట పూర్తిగా వినకుండానే మాత్రలు రాశారు. పొట్ట సంగతి చెప్పబోతే "గ్యాస్ మాత్ర కూడా రాశాను" అన్నారు. వారం తిరగకముందే వికారం, పొట్ట ఉబ్బరం మొదలయ్యాయి. ఫజ్ర్ తర్వాత మాత్ర వేసుకుంటే, రెండో పీరియడ్ వేళకు తరగతి వదిలి పరుగెత్తవలసి వచ్చేది. ఆవిర్లు కొంత తగ్గిన మాట నిజమే. కానీ ఒక బాధ పోయి మరొకటి రావడం చికిత్స అవుతుందా? ఆరు వారాల తర్వాత మానేశాము.

ఆ మాత్ర దేనితో తయారైందో మాకు తెలిసింది ఆ తరువాతే. గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ అది. అమెరికాలో 1942 నుంచి వాడుకలో ఉన్న మందు. మేము నిర్ఘాంతపోయాము. పదార్థం పూర్తిగా మారిపోతే హుకుమ్ మారుతుందా, గత్యంతరం లేనప్పుడు అనుమతి ఎంతవరకు అనే చర్చలు ఫిఖ్హ్‌లో ఉన్నాయి, అవి మేమూ బోధించినవే. కానీ గత్యంతరం ఉన్నదో లేదో తెలియాలంటే ముందు అడగాలి కదా. మేము అడగలేదు. సిగ్గుపడ్డాము. దీన్ విషయంలో తెలుసుకోవడానికి సిగ్గు అడ్డు రానివ్వలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటామో!

రెండో డాక్టరమ్మ వద్దకు మా వారు కర్నూలు తీసుకువెళ్ళారు. ఆమె ముస్లిం కారు. కానీ అరగంట విన్నారు. మందు రాయకుండా ముందు ఒక నోటుబుక్కు పెట్టమన్నారు: ఏమి తిన్నాము, ఎప్పుడు ఆవిరి వచ్చింది, ఎప్పుడు పొట్ట తిరగబడింది. మేము ఐదు నమాజ్‌ల పేర్లతో ఐదు గడులు గీసి నెల రోజులు రాశాము. ఆమె ఆ గడులు చూసి, "ఇంత చక్కటి చార్టు నాకెవరూ తేలేదు" అన్నారు. అందులోనే తెలిసింది, రాత్రి నిద్ర లేని మరునాడే పొట్ట ఎక్కువ బాధిస్తున్నదని.

ఆమె చెప్పిన సంగతి మాకు అర్థమైనంతలో ఇది. నోటి ద్వారా మింగిన ఈస్ట్రోజెన్ పొట్ట, పేగుల గుండా ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ చాలా భాగం కరిగిపోతుంది గనుక మోతాదు ఎక్కువ ఇవ్వాలి. వికారం, ఉబ్బరం చాలామందికి అక్కడే మొదలవుతాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదమూ మాత్రలతో కొంత పెరుగుతుంది. అదే మందును చర్మం గుండా పంపితే పేగులనూ కాలేయాన్నీ తప్పించుకుని నేరుగా రక్తంలో కలుస్తుంది. సాధారణ మోతాదులో గడ్డకట్టే ప్రమాదం పెరిగినట్లు కనిపించలేదు. దానికి జెల్ ఉన్నది. అందులోని ఈస్ట్రడయోల్ మొక్కల నుంచి తీసిన పదార్థంతో తయారైనది, మన దేహంలో ఉండేదానితో సమానమైనది. 2.5 గ్రాముల జెల్‌లో 1.5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మాకు అందులో సగంతో మొదలుపెట్టారు.

క్యాన్సర్ మాట మేమే ఎత్తాము. 2002లో అమెరికాలో పెద్ద పరిశోధన ఒకటి మధ్యలో ఆపివేశారని మా వారు పత్రికలో చదివి ఉన్నారు. డాక్టరమ్మ దాచలేదు. 16 వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన ఆ పరిశోధనలో, ఈస్ట్రోజెన్‌నూ, ప్రొజెస్టిరాన్‌ను పోలిన మరొక మందునూ కలిపి మాత్రగా మింగినవారిలో, ఏడాదికి ప్రతి 10,000 మందికి 8 రొమ్ము క్యాన్సర్ కేసులు ఎక్కువగా కనిపించాయి. తుంటి ఎముక విరగడం మాత్రం తగ్గింది. వారి సగటు వయస్సు 63. మా వయస్సు, మా మందు వేరు. అయినా ప్రమాదం సున్నా అని ఎవరూ అనరు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికీ, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికీ, కాలేయ వ్యాధి ఉన్నవారికీ ఈ మందు ఇవ్వరాదు. మా అమ్మీజాన్ 68వ యేట గుస్ల్‌ఖానాలో జారిపడి తుంటి విరిగి, మళ్ళీ నిలబడి నమాజ్ చేయలేకపోయారు. అది కళ్ళముందు ఉండగా మేము సరే అన్నాము.

ఇక మా ప్రశ్నలు. జెల్‌లో ఆల్కహాలు ఉన్నది. ద్రాక్ష, ఖర్జూరాల నుంచి కాక ఇతరత్రా తయారైన ఆల్కహాలును పైపూతగా వాడటానికి నేటి హనఫీ ఉలమాలలో పలువురు అనుమతించారు. మా ముఫ్తీ సాహెబ్‌నూ అడిగాము. ఆరిన తర్వాత చర్మంపై పొర ఏర్పడదు గనుక వుజూకు ఆటంకం కాదు. అయితే రాసిన చోట గంటసేపు నీరు తగలరాదని డాక్టరమ్మ షరతు. మోచేతికి పైన, భుజం దాకా రాస్తే వుజూ నీరు అక్కడికి చేరదు. ఇషా తర్వాత రాసుకుని, ఐదు నిమిషాలు ఆరనిచ్చి, తర్వాతే మనవణ్ణి దగ్గరకు తీసుకుంటాము. ఆ చర్మం పిల్లలకు తగలరాదు. రొమ్ముపై రాయరాదు.

మూడు వారాలకు ఆవిర్లు సగమయ్యాయి. పొట్ట మౌనంగా ఉన్నది. అల్హమ్దులిల్లాహ్ అనుకున్నాము, కానీ కథ అయిపోలేదు.

గర్భాశయం ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడరాదు. లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. దానికి కాపుగా ప్రొజెస్టిరాన్ కావాలి. అది 100 మిల్లీగ్రాముల మెత్తని గొట్టం మాత్ర, రాత్రి పడుకునే ముందు ఖాళీ కడుపున వేసుకోవాలి. మత్తుగా నిద్ర పడుతుంది, అది మాకు వరమే. కానీ నాలుగో రోజుకు పొట్ట తబలాలా బిగిసింది. మలబద్ధకం. వుజూ నిలవదు. పైగా ఆ మాత్ర తొడుగు జెలటిన్, పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసేది. జబీహా సంగతి ఎవరికి తెలుసు? మళ్ళీ మానేద్దామనుకున్నాము. డాక్టరమ్మ రెండు దారులు చూపారు. ఒకటి, ఆ హార్మోన్ ఉన్న లూప్‌ను గర్భాశయంలో అమర్చడం. మాకు మనస్సు ఒప్పలేదు, కానీ పొట్ట బలహీనంగా ఉన్నవారికి మంచిదేనన్నారు. రెండోది, అదే మాత్రను మింగకుండా రాత్రివేళ లోపల ఉంచుకోవడం. పేగులతో పని లేదు, మింగకపోవడంతో జెలటిన్ చర్చా చాలావరకు తగ్గింది. రాత్రి గనుక రోజాకూ చిక్కు లేదు. ఉదయం కొంత నూనెజిడ్డు బయటికి వస్తుంది, అప్పుడు వుజూ మళ్ళీ చేయాలి. ఇది రాయడానికి మాకు ఎంత సంకోచమో అల్లాహ్‌కు తెలుసు. కానీ మాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఏడాది మిగిలేది.

మూడో నెలలో రెండు రోజులు ఎర్రని మరక కనిపించింది. గుండె ఆగినంత పనైంది. మాకు 55 నిండలేదు గనుక ఇది హైజా అన్న సందేహంతో ఒకరోజు నమాజ్ వదిలేశాము. హనఫీ మస్అలాలో మూడు రోజుల కన్నా తక్కువైతే హైజ్ కాదు, ఇస్తిహాజా. ఇది మేమే బోధించే పాఠం. రెండో రోజుకే ఆగిపోగానే ఆ నమాజ్‌లన్నీ ఖజా చేసుకున్నాము. కానీ ఫిఖ్హ్ జవాబు దొరికినంత మాత్రాన వైద్యం జవాబు దొరికినట్లు కాదు. ముట్లుడిగిన తర్వాత ఎప్పుడు రక్తం కనిపించినా డాక్టరుకు చూపించి తీరాలి. స్కాన్ తీశారు. లోపలి పొర పలుచగానే ఉన్నది. మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో ఇలా జరుగుతుందన్నారు.

ఇప్పుడు మాకు 53. రాత్రులు నిద్ర పడుతోంది. పాల టీ ఇప్పటికీ పడదు, దావత్‌లలో ఇప్పటికీ పెరుగన్నమే. ఏ మందూ ఆ పొట్టను మార్చలేదు, దాని జోలికి వెళ్ళని మందు దొరికింది, అంతే. గడచిన రమజాన్‌లో తరావీహ్ అయ్యాక జెల్ రాసుకుని, ఒక్క రోజా తప్పకుండా ఉన్నాము. ఏడాదికోసారి చూపించుకుని, కొనసాగించాలా మానాలా అన్నది మళ్ళీ తేల్చుకోవాలి.

ఈ యేడు ఇద్దత్ ప్రకరణం వచ్చినప్పుడు 'ఆయిసా' పదం దగ్గర ఆగాము. కితాబు మూసి ఒక పూట అంతా ఈ సంగతులే చెప్పాము, సిగ్గుతో తలలు వంచుకున్నవారిని తలెత్తమన్నాము. గంట కొట్టాక అందరూ వెళ్ళారు. ఒక పిల్ల మాత్రం తలుపు దగ్గర నిలబడింది. అప్పుడు మేము తప్పుగా మందలించిన పిల్లే.

"ఆపా, మా అమ్మీ రాత్రుళ్ళు లేచి ఫ్యాన్ కింద కూర్చుంటుంది. అన్నం తింటే కడుపు ఉబ్బిందంటుంది. అబ్బాకు చెప్పొద్దంటుంది."

శుక్రవారం అస్ర్ తర్వాత అమ్మీని మా ఇంటికి తీసుకురమ్మన్నాము. గడులు గీసిన నోటుబుక్కు ఒకటి సిద్ధంగా పెట్టాము.