పెళ్ళికూతురి పీఎఫ్

మన ఇళ్ళల్లో ఆడపిల్ల జీతం గురించి మాట్లాడుకుంటాం గానీ, పీఎఫ్ సంగతి ఎవరికీ పట్టదు. ఉద్యోగం మానేసే రోజున మాత్రం అందరికీ గుర్తొస్తుంది. "ఎంతుందే అందులో? తీసేసుకో, పెళ్ళి ఖర్చులకి కలిసొస్తుంది" అంటారు.

2024లో మా అక్క కూతురికి పుణె సంబంధం కుదిరినప్పుడు మా ఇంట్లోనూ ఇదే మాట. పిల్ల అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో రెండేళ్ళ రెండు నెలలు చేసి, మర్నాడే నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. అక్కడ మూడేళ్ళు. మొదటి దాంట్లో డెబ్భై అయిదు వేలు, రెండో దాంట్లో తొంభై అయిదు వేలు. ఆ లక్షా డెబ్భై వేలతో గాజులు చేయించాలని మా అక్క లెక్క.

చిక్కడపల్లిలో మా కింది వాటా వాళ్ళాయన ఇన్‌కంటాక్సు లెక్కలు చూస్తారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "పాత ఖాతా కొత్తదాంట్లో కలిపావా అమ్మా?" కలపలేదు.

అక్కడే ఉందండీ చిక్కంతా. వరసగా అయిదేళ్ళ సర్వీసు లేకుండా పీఎఫ్ తీసుకుంటే దానిమీద ఆదాయపు పన్ను పడుతుంది. మొత్తం యాభై వేలు, ఆపైన ఉంటే చేతికిచ్చే ముందే 10 శాతం కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఈ పిల్లకి విడివిడిగా చూస్తే ఎక్కడా అయిదేళ్ళు లేవు. అంటే పదిహేడు వేలు కోత! అదే పాత ఖాతా కొత్తదాంట్లో కలిపితే ఆ సర్వీసూ లెక్కకొస్తుంది, అయిదేళ్ళ రెండు నెలలవుతుంది. పన్ను లేదు.

నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకొకటి. ఉద్యోగం మానేసినవాళ్ళు పీఎఫ్ అంతా తీసుకోవాలంటే అప్పట్లో రెండు నెలలు ఆగాలి. పెళ్ళి కోసం మానేసే ఆడవాళ్ళు మాత్రం ఆగక్కర్లేదని 1952 నాటి స్కీములోనే రాశారు. తీసుకోవడానికి అంత వీలు! పన్ను చట్టం దగ్గరికొస్తే, జబ్బు చేసి మానేసినా, సంస్థ మూతపడినా, మన చేతిలో లేని ఇంకో కారణమైనా అయిదేళ్ళ షరతు లేదంటుంది. పెళ్ళి మాట అందులో లేదు. పెళ్ళై ఊరు మారడం మన చేతిలో పనే అనుకున్నారు కాబోలు. ఎంతమంది ఆడపిల్లల చేతిలో ఉందో మీకు తెలియంది కాదు.

2016 ఫిబ్రవరి 29న బడ్జెట్‌లో, ఇకపై జమయ్యే పీఎఫ్‌లో 60 శాతం మీద పన్ను వేస్తామంటే దేశమంతా గోల చేసింది. సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, మార్చి 8న, అరుణ్ జైట్లీ గారు వెనక్కి తీసుకున్నారు. ఈ అయిదేళ్ళ షరతు మాత్రం అలాగే ఉంది.

పిల్ల ఇంకా రాజీనామా ఇవ్వలేదు గనక నయమైంది. రెండు ఖాతాలూ ఒకే యూఏఎన్ కింద ఉన్నాయి, ఫోనులోనే బదిలీకి పెట్టింది. బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసుకి వెళ్ళే పనే పడలేదు. బదిలీ అయ్యాకే రాజీనామా ఇచ్చింది.

"ఇంకేం, ఇప్పుడు పన్ను లేదుగా, తియ్యి" అంది అక్క.

"పన్ను లేదని తీసేయాలా అమ్మా? పుణెలో ఉద్యోగం దొరికితే ఇదే ఖాతా సాగుతుంది. పదేళ్ళ సర్వీసుంటే పెన్షన్ కూడా వస్తుందట. గాజులు తర్వాత చేయించుకుంటాలే" అంది పిల్ల.

మా అక్క రెండు రోజులు ముభావంగానే ఉంది. గాజులు ఒక జత తగ్గాయి. పెళ్ళి మాత్రం ఏ లోటూ లేకుండా జరిగింది.

మీ ఇంట్లో ఉద్యోగం మారిన, మానేయబోతున్న ఆడపిల్ల ఉంటే ఈ రెండూ అడగండి: పాత ఖాతా కలిపావా? అన్నీ కలిపి అయిదేళ్ళు నిండాయా? కొద్ది నెలలే తక్కువైతే, వీలుంటే ఆ నెలలు చేసి మానేయమనండి. తప్పనిసరిగా తీసుకోవాల్సొస్తే, ఆ ఏడాది ఆదాయం పన్ను దాకా రాకపోతే, కోసిన డబ్బు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అది వాళ్ళ కష్టార్జితం. వదులుకోవద్దని చెప్పండి.